చేపలోని పురుగు, ఒంటిమీది దద్దురు

బాలలూ! మృగశిర కార్తె వచ్చిందంటే మా ఖమ్మం వైపు ఇళ్ళల్లో చేపల కూర ఉడుకుతుంది. ఆ కూరతో భయం లేదు. భద్రాచలం అడవుల అంచున, కిన్నెరసాని వంటి ఏళ్ళ ఒడ్డున చేపను నిప్పులమీద గబగబా కాల్చుకు తినే సరదా ఉన్నదే, దానితోనే చిక్కు. పైన మాడుతుంది, లోపల కండ పచ్చిగానే ఉంటుంది. ఆకలి ఆగదు కదా!

లండనులో ఒక పెద్దపులి కడుపులో దొరికిన ముళ్ళతల పురుగును గురించి రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు 1836లో వ్రాశాడు. దాని పేరు నాథోస్టోమా. పేరు గుర్తుండకపోయినా ఫరవాలేదు, దాని ప్రయాణం గుర్తుంచుకోండి. పులి, పిల్లి, కుక్క వంటి జంతువుల మలంతో దాని గుడ్లు నీటిలో పడతవి. గుడ్డులోంచి వచ్చిన పిల్లను ఒక చిన్న నీటిపురుగు మింగుతుంది. నీటిపురుగును కొర్రమీను వంటి చేప మింగుతుంది. ఆ చేపను పిల్లి తింటే పురుగు ఇల్లు చేరినట్లే. మరి మనిషి పచ్చిగా తింటే? పాపం, దానికి దారి తప్పుతుంది! పెద్దది కాలేక, చర్మం కింద తిరుగుతుంది. ఇవాళ ఒకచోట వాపు, దురద, కొన్నాళ్ళకు మరొకచోట. కంటికో మెదడుకో చేరితే చాలా ప్రమాదం. ఈ జబ్బు థాయిలాండులో ఎక్కువ, మన దేశంలో అరుదు.

దురద ఎందుకు? మన చర్మంలో కాపలా కణాలున్నవి. పరాయి పదార్థం తగిలితే అవి హిస్టమిన్‌ను వదులుతవి. దొంగను చూసి కాపలావాడు ఊరంతా డప్పు కొట్టినట్లు, చర్మమంతా ఎర్రబడి ఉబ్బుతుంది.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది. జపానులో కొందరికి మాకరెల్ అనే చేప తింటే దద్దుర్లు వచ్చేవి. చేప పడలేదనుకున్నారు. 1990లో వైద్యులు పరీక్షిస్తే, వారిలో చాలామందికి పడనిది చేప కాదు, అందులోని అనిసాకిస్ అని తేలింది! ఇంకో వింత: ఉడికిస్తే పురుగు చస్తుంది గాని, దానిలోని కొన్ని పదార్థాలు వేడికి చెడవు. కనుక ఒకసారి అది పడకపోయినవారు వైద్యుణ్ణి అడగకుండా మళ్ళీ తినరాదు.

ఉప్పు చల్లినా, నిమ్మకాయ పిండినా పురుగు చావదు. కండ తెల్లబడి, ముల్లునుంచి సులువుగా ఊడేదాకా చేపను ఉడికించాలి. తిన్న తరువాత దద్దుర్లతోపాటు పెదవులు వాచి, ఊపిరాడకపోతే పసర్లు పూస్తూ కూర్చోక, తక్షణం ఆసుపత్రికి తీసుకుపొమ్మని పెద్దలతో చెప్పండి.