నల్లరాతి దీవిలో తెల్లని ధారలు

మారిషస్ జలపాతాల్లో అందమూ ఉంది, అపాయమూ ఉంది

చుట్టూ చెరకు తోటలు. మధ్యలో ఎర్రమట్టి బాట. బాట చివర హోరుమని నీళ్ల చప్పుడు. నల్లని రాతి గోడ మీద నుంచి తెల్లని ధార కిందికి దూకుతుంది. ఆ ధార కింద నిలిచిన మడుగులో పిల్లలు ఈత కొడుతుంటారు. మారిషస్ దీవికి దక్షిణాన ఉన్న రోచెస్టర్ జలపాతం వద్ద కనిపించే దృశ్యమిది.

హిందూ మహాసముద్రంలో ఉన్న ఈ దీవి పేరు గోదావరి తీరానికి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారు చెరకు తోటల్లో కూలి పనికి అక్కడికి చేరారు. ఎక్కిన రేవు పేరుతోనే వారిని కోరంగివారని పిలిచేవారు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును దెబ్బతీసింది. రేవు వైభవం పోయినా, వెళ్లినవారి సంతతి అక్కడే స్థిరపడింది. నేడు ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. పాఠశాలల్లో తెలుగు బోధన జరుగుతోంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

అగ్నిపర్వతం కట్టిన దీవి

మారిషస్ సముద్ర గర్భంలోని అగ్నిపర్వతం నుంచి పుట్టింది. కరిగిన రాయి లక్షల ఏళ్లపాటు పొరలు పొరలుగా పొంగి, చల్లారి, గట్టిపడి దీవి అయింది. ఇప్పుడక్కడ నిప్పు లేదు. పొరుగున ఉన్న రీయూనియన్ దీవిలో మాత్రం అగ్నిపర్వతం నేటికీ రగులుతూనే ఉంది. క్యూర్‌పైప్ పట్టణంలో ఉన్న ట్రూ ఓ సెర్ఫ్ అనే పెద్ద గుంట ఒకప్పటి అగ్నిపర్వతం నోరే. దాని అంచు మీద నిలబడితే దీవిలో సగం కనిపిస్తుంది.

ఈ రాయి మనవారు ఎరగనిది కాదు. రాజమండ్రి దగ్గర కాటేరులోను, గోదావరి ఆవలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోను తీసే నల్లరాయి కూడా ఒకనాడు కరిగి ప్రవహించిన లావాయే. కాకుంటే ఇక్కడిది కోట్ల ఏళ్ల నాటిది, అక్కడిది దానికంటే చాలా చిన్న వయసుది.

మారిషస్‌లో చెరకు చేల మధ్య నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. భూమిని సాగుకు తేవడానికి బానిసలు, ఆ తర్వాత వచ్చిన కూలీలు చేతులతో ఏరి పోసిన రాళ్లవి.

జలపాతాలు ఎలా పుట్టాయి?

దీవి నడిబొడ్డు ఎత్తయిన పీఠభూమి. ఆగ్నేయం నుంచి వీచే సముద్రపు గాలులు మబ్బులను అక్కడికి తోలి వాన కురిపిస్తాయి. పడమటి తీరంలో కురిసే వానకు ఎన్నో రెట్లు పీఠభూమిపై కురుస్తుంది. ఆ నీరు చిన్న చిన్న నదులుగా నలువైపులా సముద్రంలోకి పరుగెత్తుతుంది. దారిలో గట్టి రాతి పొర కింద మెత్తని పొర ఉన్నచోట, మెత్తనిది అరిగిపోతుంది, గట్టిది మెట్టులా నిలబడుతుంది. ఆ మెట్టు మీద నుంచి నీరు దూకితే అదే జలపాతం. దూకిన నీరు తొలిచిన గుంటే మడుగు.

చూడదగిన చోట్లు

నైరుతి కొండల్లో ఉన్న షమరెల్ జలపాతం అన్నిటిలోకి పేరున్నది. నాలుగైదు తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు నుంచి నీరు ఒక్క దూకుడుగా లోయలోకి పడుతుంది. టికెట్టు తీసుకుని, పైన కట్టిన గట్టు మీద నిలబడి చూడాలి. పక్కనే ఏడు రంగుల నేల ఉంది. లావా రాయి చివికిపోగా మిగిలిన ఇనుము, అల్యూమినియం మట్టికి ఎరుపు, గోధుమ, ఊదా రంగులు తెచ్చాయి. ఆ నేల మీద గడ్డి కూడా మొలవదు.

తామరిన్ జలపాతానిది మరో తీరు. తామరిన్ అంటే చింత. నీరు ఒక్కసారిగా పడక మెట్లు మెట్లుగా దిగుతుంది. అందుకే దానికి ఏడు జలపాతాలని మరో పేరు. హెన్రియెట్టా అనే ఊరి వద్ద నుంచి కాలినడకన దిగాలి. ప్రతి మెట్టు కింద ఒక మడుగు ఉంటుంది. దారి బంకమట్టి, వానపడితే కాలు నిలవదు. దారి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లడం మేలు. ఈ నది నీటిని జలవిద్యుత్తుకు కూడా వాడుతున్నారు.

రోచెస్టర్ జలపాతం సూయాక్ పట్టణానికి దగ్గరలో ఉంది. ఎత్తు పది మీటర్లే, కాని వెడల్పు ఎక్కువ. ఇక్కడి రాతిగోడ నిలువు స్తంభాలు పేర్చినట్లుంటుంది. శిల్పి చెక్కాడేమోననిపిస్తుంది గాని, లావా చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పగిలినందువల్ల వచ్చిన రూపమది. ఎండకు చెరువు అడుగు బీటలు వారినట్లే ఇదీనూ.

ఆగ్నేయాన ఓ బ్లూ అనే చోట మడుగు నీరు నీలంగా ఉంటుంది. ఆ పేరుకు అర్థమే నీలి నీరు. తూర్పున గ్రాండ్ రివర్ జలపాతానికి పడవలో వెళతారు. ఒడ్డున కోతులు కనిపిస్తాయి. 1994లో జాతీయ పార్కుగా ప్రకటించిన బ్లాక్ రివర్ లోయలోనూ జలపాతాలున్నాయి.

మునగని తీర్థం

ఈ దీవిలో నీరంతా ఈతకు కాదు. కొండల మధ్య ఉన్న గ్రాండ్ బాసిన్ సరస్సు పాత అగ్నిపర్వతం నోట నిండిన నీరు. అక్కడి హిందువులకు అది గంగా తలావ్. 1972లో భారతదేశం నుంచి తెచ్చిన గంగాజలాన్ని అందులో కలిపారు. మహాశివరాత్రికి లక్షల మంది కాలినడకన కావళ్లతో వస్తారు. ఒడ్డున పూజలు చేసి, బిందెల్లో నీరు తీసుకెళ్లి ఊరి గుడిలో అభిషేకం చేస్తారు.

అపాయం ఎక్కడుంది?

మడుగు అందం చూసి దిగేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మారిషస్ నదులు పొట్టివి, వాలు ఎక్కువ. పీఠభూమిపై కుండపోత పడితే కొద్దిసేపటికే నీరు కిందికి వస్తుంది. కింద ఎండ కాస్తున్నా సరే, పైన మబ్బు పట్టిందంటే మడుగులో నుంచి బయటికి రావలసిందే. నీరు బురద రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వరద వస్తున్నట్లే. వాన ఎంత త్వరగా ప్రాణం తీయగలదో ఆ దీవికి తెలుసు. 2013 మార్చి 30న రాజధాని పోర్ట్ లూయిస్‌లో కొద్ది గంటల వానకు వచ్చిన వరదలో 11 మంది చనిపోయారు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ తుపానుల కాలం.

రెండవది, ధార పడేచోటు. నురుగు నీటిలో గాలి బుడగలు ఎక్కువగా ఉంటాయి కనుక మనిషి తేలడం కష్టం. గజ ఈతగాడైనా అక్కడ మునుగుతాడు. మూడవది, పై నుంచి దూకడం. రోచెస్టర్ వద్ద స్థానిక యువకులు గోడ మీద నుంచి దూకి చూపిస్తారు. ఏ రాయి ఎక్కడుందో వారికి తెలుసు. కొత్తవారికి తెలియదు. తల రాయికి తగిలితే మెడ విరుగుతుంది. నాలుగవది, ఒంటి మీద పుండు, గాయం ఉన్నవారు మడుగులో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా ఎలుక జ్వరం సోకే ప్రమాదం ఉంది.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకడం సరికాదు. తాడో, కర్రో, కట్టుకున్న పంచో అందించాలి. రక్షించబోయినవాడూ పోవడం ఎక్కడైనా జరిగే విషాదమే.

సముద్రంలోనూ అంతే

దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ గోడ కట్టినట్లుంది. అల దానికి తగిలి విరిగిపోతుంది. లోపలి నీరు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, మోన్ ష్వాజీ, బ్లూ బే తీరాల్లో పిల్లాపాపలతో స్నానం చేసేది అందుకే. అయినా దిబ్బకు గండి ఉన్నచోట లాగుడు బలంగా ఉంటుంది. నీటి అడుగున ముళ్ల జీవులు, విషపు చేపలు ఉండవచ్చు కనుక కాళ్లకు రబ్బరు జోళ్లు తప్పనిసరి.

సూయాక్ దగ్గరి గ్రీ గ్రీ తీరంలో ఆ దిబ్బ లేదు. అల నేరుగా వచ్చి కొండను కొడుతుంది. అక్కడ చూసి రావలసిందే గాని నీట దిగరాదు.

వెళ్లేవారికి

దీవి పొడవు 65 కిలోమీటర్లు మించదు. ఒక చోట బస చేసి రోజుకో దిక్కు తిరిగి రావచ్చు. మనకు వేసవి అయినప్పుడు అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నుంచి అక్టోబరు వరకు వానలు తక్కువ, నడకకు అనువైన కాలం. జలపాతాల్లో నిండుగా నీరు చూడాలంటే వానాకాలమే మంచిది, కాని అప్పుడు దూరం నుంచి చూడడమే క్షేమం.

అంత దూరం వెళ్లలేనివారికీ ఈ జాగ్రత్తలు పనికివస్తాయి. మారేడుమిల్లి వాగులో దిగినా, రంప జలపాతం కింద నిలిచినా నీటి స్వభావం ఒక్కటే. కోరంగి నుంచి ఓడెక్కినవారు దీవికి చేరాక విహారానికి తిరగలేదు, రాళ్లేరి చెరకు నాటారు. ఆ కష్టంతో నిలబడిన దీవిలో వారి మునిమనుమలు నేడు సెలవు రోజున పిల్లల చేయి పట్టుకుని మడుగుల ఒడ్డుకు వెళుతున్నారు.