చేదు చూశారా?

దోసకాయ పప్పు చేసేముందు మనమంతా ఏం చేస్తాం? కాయ చెక్కు తీసి, కొసన చిన్న ముక్క కోసి నాలిక మీద వేసుకుంటాం. చేదయితే ఆ కాయ అవతల పారేసి ఇంకోటి తీస్తాం. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన పని కాదు. అమ్మ చేస్తుంటే చూశాం, మనమూ చేస్తున్నాం. ఎందుకు చేస్తున్నామో నేనయితే ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క కాయ చేదయితే పప్పంతా పాడవుతుందని, అంతే అనుకున్నాను.

అలా దోసకాయ చేదు చూడకుండా వండని నేను, నాలుగేళ్ల కిందట ఆనపకాయ చేదు చూడలేదు. (మా వైపు ఆనపకాయ అంటాం. మీలో చాలామంది సొరకాయ అంటారు.)

మావారికి షుగరు బయటపడిన కొత్త. పొద్దున్నే ఆనపకాయ రసం తాగితే మంచిదని వాకింగులో ఎవరో చెప్పారట. సరిగ్గా అప్పుడే మా పెరట్లో చెత్త పోసే మూల ఒక ఆనప పాదు తనంతట తాను మొలిచి, గోడెక్కి, నవనవలాడే కాయలు కాసింది. మందు కొట్టని కాయలు కదా అని మురిసిపోయి ఒకటి కోసి మిక్సీలో వేసి గ్లాసు నిండా ఇచ్చాను. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "ఇదేమిటే, ఇంత చేదుగా ఉంది?" అన్నారు. "చేదుగా ఉంటేనే షుగరుకి మంచిది, మందనుకుని తాగేయండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అరగంట తిరక్కుండా కడుపునొప్పి, వాంతులు, విరోచనాలు. ఆటోలో ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ బాగా పడిపోయింది. రెండు రోజులు సెలైను ఎక్కించారు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నే "కాయ చేదుగా ఉందా?" అని. దీనికి విరుగుడు మందంటూ లేదు, లక్షణాలను బట్టి వైద్యం చెయ్యడమే అన్నారు. మా అదృష్టం బాగుండి ఆయన సగం గ్లాసే తాగారు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు ఒక్కటే మాట అడిగారు. "దోసకాయ చేదు చూస్తావు గదమ్మా, దీన్నెందుకు చూడలేదూ?"

నా దగ్గర జవాబు లేదు. డిగ్రీలో బోటనీ చదువుతున్న మా అమ్మాయిని పట్టుకుని అడిగాను. అది పుస్తకాలు తిరగేసి చెప్పిన సంగతులు విన్నాక, మనం రోజూ కత్తిపీట ముందు కూర్చుని చేసే పని ఇంత పెద్దదా అనిపించింది.

దోస, కీరా, ఆనప, బీర, పొట్ల, గుమ్మడి, పుచ్చ అన్నీ ఒకే కుటుంబం. అడవిలో పెరిగే వాటి పూర్వీకులు చాలావరకు చేదే. ఆ చేదుకి కారణమైన పదార్థాల పేరు కుకుర్బిటాసిన్లు. అడవిలో తియ్యటి కాయని ఏ మేకో, పందో లేతగా ఉండగానే తినేస్తుంది, గింజ ముదిరే దాకా ఉంచదు. చేదు కాయని కొరికి వదిలేస్తుంది. ఆ గింజలే నేలలో పడి మళ్లీ మొలుస్తాయి. ఇలా వేల ఏళ్లు జరిగితే మిగిలేవి చేదు పాదులే. ఎవరూ కావాలని ఏరలేదు, బతికినవి మిగిలాయి. దీన్నే ప్రకృతి వరణం అంటారట. చిత్రం చూడండి, ఆ చేదుకి అలవాటుపడి దానికోసమే వెతుక్కుంటూ వచ్చే పెంకు పురుగులు కూడా తయారయ్యాయి! మొక్క ఒక ఎత్తు వేస్తే పురుగు పైఎత్తు వేసిందన్నమాట.

తర్వాత మనుషులొచ్చారు. వేల పాదుల్లో ఎక్కడో ఒకటి చేదు తగ్గి కాసేది. అడవిలో అయితే దానికి నూకలు చెల్లినట్టే. మనుషులు మాత్రం ఆ కాయ గింజలే దాచి, మళ్లీ వేసి, వచ్చిన వాటిలో చేదువి పీకేసి, కమ్మటివి విత్తనానికి ఉంచారు. ప్రకృతి ఏరిందానికి సరిగ్గా తల్లకిందులుగా ఏరారు. కీరాకి పుట్టిల్లు మన దేశమే. హిమాలయాల దిగువన దాని అడవి బంధువు ఇప్పటికీ చిన్న చిన్న చేదు కాయలు కాస్తూనే ఉంది. కీరాలో ఆకు చేదుకొక స్విచ్చి, కాయ చేదుకొక స్విచ్చి విడివిడిగా ఉన్నాయని 2014లో చైనా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. స్విచ్చి సంగతి తెలియకుండానే మన పూర్వులు నాలికతో చూసి చూసి కాయ స్విచ్చి కట్టేశారు. నీళ్లు చాలక పాదు ఎండకి వాడినప్పుడు అది మళ్లీ కాస్త వెలుగుతుంటుంది. అందుకే ఒక్కోసారి మంచి రకం కాయ కూడా చేదు తగులుతుంది.

డార్విన్ అనే ఇంగ్లీషాయన 1859లో జీవపరిణామం గురించి రాసిన పుస్తకం సింహాలతోనో ఏనుగులతోనో మొదలుకాదట. మనుషులు పెంచుకునే మొక్కలు, జంతువులతో మొదలవుతుంది. ఆయన స్వయంగా పావురాలు పెంచి చూశాడు. మనుషులు నాలుగు తరాలు ఏరితేనే ఇంత మార్పు వస్తే, ప్రకృతి లక్షల ఏళ్లు ఏరితే ఎంత రావాలి అన్నది ఆయన వాదన. ఈ మాట మా అత్తయ్యగారికి చెబితే, "దీనికి పుస్తకమెందుకూ, మంచి కాయకి గుడ్డపీలిక కట్టి విత్తనానికి వదలడం ఎవరికి తెలీదు?" అన్నారు.

ఆనప కథ కొంచెం వేరు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. దాన్ని మొదట పెంచింది తినడానికి కాదు, ఎండిన బుర్రల కోసమే అయ్యుంటుందని శాస్త్రజ్ఞులు అంటారు. పొలానికి నీళ్లు మోసిన బుర్ర, తంబురా బుర్ర అవే కదా. బుర్ర కావలసినవాడికి చేదుతో పనేముంది? గట్టిగా ఉంటే చాలు. అందుకే చేదు ఆనప ఇప్పటికీ కంచెల మీద బతికే ఉంది. మా వీధి చివర ఖాళీ స్థలంలోనూ ఒకటుంది. ఆనప పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి రెక్కల పురుగులు ఒక పాదు పుప్పొడి ఇంకో పాదుకి చేరుస్తాయి. అలా కలిసినా ఈ ఏటి కాయ కమ్మగానే ఉంటుంది, ఎందుకంటే కండ తల్లిది. చేదు గింజలో దాక్కుని, మరుసటేడు మొలిచిన పాదులో బయటపడుతుంది. మా చెత్తకుప్ప మీద మొలిచింది అలాంటిదే. తర్వాత వానలు పడ్డాక కూడా ఆ పాదు కాయ ప్రతిదీ చేదే.

కాకర పక్కన దోస పెడితే దోస చేదవుతుందని మా ఊళ్లో అనేవారు. అది నిజం కాదు, ఆ రెండూ కలవవు. కాకర చేదు సంగతి వేరు, మనమే ఇష్టపడి ఉంచుకున్నాం. ఆ అలవాటే నన్ను ముంచింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఆనపకాయ, కాకరకాయ రసం కలిపి తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం, చేదుగా ఉన్న ఆనప రసం తాగవద్దని, దాన్ని ఇంకే రసంతోనూ కలపవద్దని చెప్పింది. కలిపితే చేదు ఎక్కడిదో తెలియదు మరి. 2015లో జర్మనీలో పెరట్లో కాసిన చేదు జుకినీ కూర తిని ఒక పెద్దాయన పోయారు. ఉడికించినా ఈ విషం పోదు. ఉప్పూ బెల్లం వేసి సరిపెట్టుకోవడం పనికిరాదు.

ఇప్పుడు మా ఇంట్లో దోస, ఆనప, బీర, కీరా ఏది కోసినా తొడిమ వైపు చిన్న ముక్క నాలికకి తగిలించి ఊసేస్తాను. విత్తనానికి ఉంచే ముందు అదే పాదు కాయ ఒకటి కోసి చూసి, కమ్మగా ఉంటేనే ఇంకో కాయకి పీలిక కడతాం. అది పాదు మీదే ఎండి గింజ గలగలలాడాక గానీ కొయ్యం.

ఈ ఏడు మూడు ఆనప పాదులు లేచాయి. మొన్న ఆదివారం అత్తయ్యగారూ నేనూ మూడింటి కాయలూ చూశాం. గోడ పక్కది చేదు. వేళ్లతో సహా పీకేశాం. మావారు గుమ్మంలోంచి దిగలేదు, అక్కణ్నించే "రెండోది మళ్లీ ఒకసారి చూడవే" అంటున్నారు.