అడిగినవారికే పాఠం

బెజ్జంకిలో డప్పు చాటింపు వేస్తే ఊరందరికీ వినపడుతుంది. పోస్ట్‌మ్యాన్ తెచ్చే ఉత్తరం ఒక్కరికే చేరుతుంది. మరి కొందరికి మాత్రమే చేరవలసిన కబురు సంగతేమిటి? కంప్యూటర్ల మధ్య ఈ చిక్కు రోజూ వస్తుంది.

సిద్దిపేట జిల్లాలోని ఈ ఊరి బడిలో 40 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. వాటన్నిటినీ కలిపే పెట్టె పేరు స్విచ్. 30 కంప్యూటర్లలో ఒకే వీడియో పాఠం చూడాలి. ఆ పాఠానికి సెకనుకు 4 మెగాబిట్లు కావాలి. సర్వర్ ఒక్కొక్కదానికి విడిగా పంపితే మొత్తం 120 మెగాబిట్లు! సర్వర్ తీగ మోయగలిగేది 100 మాత్రమే అయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

దీనికి ఉపాయం మల్టీకాస్ట్. 1989లో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడిన దీని నియమాలను స్టీవ్ డీరింగ్ రాశాడు. సర్వర్ ఒక్క ప్రతినే గుంపు చిరునామాకు పంపుతుంది. ఇటువంటి చిరునామాలు 224 నుంచి 239 వరకు గల అంకెలతో మొదలవుతాయి. ప్రతులు తీసే పని స్విచ్‌ది.

గుంపులో ఎవరున్నారో స్విచ్‌కు తెలియకపోతే? పాఠాన్ని 40 కంప్యూటర్లకూ కుమ్మరిస్తుంది! మిగతా 10 కంప్యూటర్లకు అది అనవసరపు భారం. అందుకే స్విచ్‌లో 'ఐజీఎంపీ స్నూపింగ్' అనే ఏర్పాటును ఆన్ చేస్తారు. "నాకు ఈ పాఠం కావాలి" అని కంప్యూటర్ పంపే కబురును స్విచ్ ఆలకించి, అది ఏ తీగ నుంచి వచ్చిందో పట్టికలో రాసుకుంటుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. హాజరు పిలిచేవారు ఉండాలి! 'క్వెరియర్' సాధారణంగా 125 సెకన్లకోసారి "ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతుంది. ఈ పని రూటర్ చేస్తుంది. రూటర్ చేయనిచోట స్విచ్‌కే అప్పగించాలి. అది మరచిపోతే సుమారు 4 నిమిషాలకు పట్టికలోని పేర్లు చెరిగిపోతాయి. అంతవరకు చక్కగా నడిచిన పాఠం హఠాత్తుగా ఆగిపోతుంది! అలా జరిగితే తీగలను అనుమానించే ముందు, హాజరు పిలిచేవారున్నారో లేదో చూడండి.