ఓడ ఎక్కినవారి ఊరు ఏ జిల్లాలో వెతకాలి?

1911 ఏప్రిల్ 1వ తేదీకి ముందు మదనపల్లెలో పుట్టినవారు కడప జిల్లావారు. పుంగనూరులో పుట్టినవారు ఉత్తరార్కాడు జిల్లావారు. రెండూళ్ళ మధ్య ఎడ్లబండికి ఒక పూట ప్రయాణం. కుప్పం కూడా అప్పట్లో ఉత్తరార్కాడులోదే, కంగుంది జమీందారీకి ముఖ్యస్థానం. ఆ రోజున మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కడప నుంచి తీసి, చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలను, పుంగనూరు, కంగుంది వంటి జమీలను ఉత్తరార్కాడు నుంచి తీసి, కలిపి చిత్తూరు జిల్లా చేశారు.

ఎప్పటిదో పాత కథ, ఇప్పుడెందుకు అని కొందరికి అనిపించవచ్చు. తాత ముత్తాతల పేర్ల కోసం పాత కాగితాలు తిరగేసేవారికి మాత్రం మొదట కాలికి తగిలే రాయి ఇదే. చిత్తూరు జిల్లా అని రాసుకుని వెళ్ళి, 1880 నాటి కాగితం ఇమ్మంటే ఏ ఆఫీసులోనూ దొరకదు. ఆనాటికి ఆ జిల్లాయే లేదు. మదనపల్లెవారి కాగితం కడప కట్టల్లోనూ, పుంగనూరు, కుప్పం వారిది ఉత్తరార్కాడు కట్టల్లోనూ వుంటుంది. ఇంకో తిరకాసు కూడా వుంది. ఉత్తరార్కాడు జిల్లాకు 1911 దాకా కలెక్టరు కచేరీ చిత్తూరులోనే వుండేది. అందుచేత జిల్లా పేరు రాయవలసిన చోట కొందరు గుమాస్తాలు చిత్తూరు అని కూడా రాసి వుండవచ్చు. 2022లో జిల్లాలను మళ్ళీ విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే నిలిచాయి. ముందు తరాలవారికి ఇదొక కొత్త చిక్కు.

ఈ వెతుకులాట ఎవరికి అవసరమంటే, ఇంటిదగ్గర వున్నవారికంటే సముద్రం అవతల వున్నవారికి ఎక్కువ.

నేటాల్ జాబితాలు

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, తెల్లదొరలు మన దేశం నుంచి మనుషులను ఒప్పందం మీద తీసుకుపోవడం మొదలుపెట్టారు. మొదటి ఓడ పేరు ట్రూరో. మదరాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో ఆగిన ఈ రవాణా 1874లో మళ్ళీ మొదలై 1911 దాకా నడిచింది. మొత్తం మీద లక్షా 52 వేలమందికి పైగా అలా వెళ్ళారు. వారిలో ఎక్కువమంది మదరాసు రేవులో ఓడ ఎక్కినవారే. వారిని పంపిన జిల్లాల్లో ఉత్తరార్కాడు ముఖ్యమైనది. 1876 నుంచి 1878 దాకా పట్టి పీడించిన పెద్ద కరువు ఈ సీమలో ఎన్ని ఇళ్ళకు తాళాలు వేయించిందో పాఠకులు తమ పెద్దల నోట వినే వుంటారు.

ఒప్పందం అయిదేళ్ళకు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏటా ఒక షిల్లింగు చొప్పున పెంపు. ప్రతి నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారు తప్పకుండా వుండాలని నిబంధన. గడువు తీరాక కొందరు తిరిగివచ్చారు, చాలామంది అక్కడే వుండిపోయారు. ఒప్పందం ముగిశాక కూడా అక్కడే స్వేచ్ఛగా వుండాలంటే ఏడాదికి మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. 1913లో గాంధీజీ నాయకత్వాన జరిగిన సమ్మెకు ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. 1914లో పన్ను ఎత్తివేశారు.

కూలీని సరుకు మాదిరి ఎగుమతి చేసిన ఆ వ్యవస్థ ఎంత చెడ్డదో చెప్పనక్కరలేదు. అయితే సరుకుకు లెక్క వున్నట్టే మనిషికీ లెక్క రాశారు. ఈనాడు ఆ లెక్కే వారి వారసులకు ఆధారమయింది. ఓడకొక జాబితా. అందులో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా లేక ఠాణా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు, ఏ దొర తోటకు పంపారో ఆ పేరు. మన ఊళ్ళలో ఎకరాలున్న రైతుకైనా ఆ రోజుల్లో ఇంత వివరంగా రాసిన కాగితం లేదు. ఆ జాబితాలను డర్బన్‌లోని విశ్వవిద్యాలయంవారు కంప్యూటరుకెక్కించారు. 1902 వరకు వున్న జాబితాల ఆధారంగా సురేంద్ర భానా అనే చరిత్రకారుడు 1991లో ఒక గ్రంథమే వెలువరించారు.

మారిషస్ వెళ్ళినవారి రికార్డులు అక్కడ మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వున్నాయి. కొందరివి ఫోటోలు కూడా వున్నాయి. ఫిజీకి మదరాసు నుంచి ఓడలు నడిచింది 1903 తరువాత. వారి పాసులు అక్కడి ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా వున్నాయి. మేస్త్రీల వెంట బర్మాకు, కంగాణీల వెంట మలయాకు పోయినవారికి మాత్రం ఇంత వివరమైన చిట్టా లేదు. కుప్పం పక్కనే వున్న కోలారు బంగారు గనులకు పోయినవారి సంగతి వేరు. పండగకో పబ్బానికో ఇంటికి వచ్చి పోయేవారు కనుక 2001లో గనులు మూతపడేదాకా ఊరితో ముడి తెగలేదు.

కొత్తపల్లె ఏ కొత్తపల్లె?

ఒక ఉదాహరణ అనుకుందాం. డర్బన్‌లో వుండే ఒక నాయుడుగారికి తన ముత్తాత చీటీ దొరికింది. జిల్లా ఉత్తరార్కాడు, ఠాణా పుంగనూరు, ఊరు కొత్తపల్లె, తండ్రి మునెప్ప. ఇక పని అయిపోయినట్టే అనుకుంటాడు. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఈ సీమలో కొత్తపల్లె లేని ఫిర్కా లేదు. ఒక్కొక్క పంచాయతీలో ఒక కొత్తపల్లె, దానికి ఆనుకుని ఒక కొత్తూరు, ఒక కొత్త ఇండ్లు. పుంగనూరు జమీ అంటే ఇప్పటి పుంగనూరు పట్టణం కాదు. చౌడేపల్లె, సోమల, సదుం వైపులా వెతకాలి.

పైగా మదరాసు డిపోలో గుమాస్తా చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాశాడు. మన పల్లె ఆయన కలంలో పల్లి కావచ్చు, పాలి కావచ్చు, పుల్లి కావచ్చు. కుప్పం వైపు ఊళ్ళకు తెలుగు, అరవం, కన్నడం మూడు భాషల్లోనూ పిలుపు వుంది. రాసినవాడు ఏ భాషవాడైతే ఊరిపేరు ఆ వేషం వేసుకుంటుంది. కాగితం చూసి ఊరును వెతకడం కంటే, పేరును పైకి చదివి ఊరివారికి వినిపించడం మేలు. కంటికి తెలియనిది చెవికి తెలుస్తుంది.

నాయుడు అనేది కూడా చిక్కే. అది కులానికి చివర తగిలించే గౌరవపదమే గాని ఇంటిపేరు కాదు. ఓడ జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. మన ఊరి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మొదట అడిగేది మాత్రం అదే: “మీ ఇంటిపేరేంది నాయనా?” నాలుగు తరాల క్రితం పెళ్ళి సంబంధాల కోసమైనా ఇంటిపేరును నోట నిలుపుకున్న కుటుంబాలు అదృష్టవంతులు. రెడ్లు, కాపుల ఇళ్ళకు వంశావళి పాడే పిచ్చిగుంట్లవారు ఒకప్పుడు ఏ ఇంట్లో ఎవరు దేశం వదిలిపోయారో కూడా చెప్పగలిగేవారు. అలా చెప్పగలవారు ఇప్పుడెక్కడైనా వుంటే వారి మాట ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఊళ్ళో ఏమున్నాయి

సముద్రం అవతల కాగితం ఒకటైతే, ఇవతల కాగితం ఇంకొకటి. రెండూ కలిస్తేనే రుజువు. జనాభా లెక్కల్లో చూడవచ్చు గదా అని చాలామంది అడుగుతారు. మదరాసు రాజధానిలో పూర్తి జనాభా లెక్కలు 1871లోనే తీశారు గాని, పేరుపేరునా రాసిన చిట్టాలు దాచలేదు. మిగిలినవి అంకెలే.

మదనపల్లె తాలూకా రైత్వారీ కాబట్టి సర్వే నంబరు, పట్టాదారు పేరు సర్కారు రికార్డులోకి ముందే ఎక్కాయి. పుంగనూరు, కంగుంది ఊళ్ళు జమీందారీలో వున్నాయి గనుక రైతుల పేర్లు జమీందారు కచేరీ లెక్కల్లో వుండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, సర్వే జరిగి, ఫెయిర్ అడంగలు తయారయ్యాకనే సర్కారు పుస్తకంలోకి వచ్చాయి. పుంగనూరంటే పొట్టి ఆవు మాత్రమే గుర్తుకొచ్చే ఈ రోజుల్లో ఆ కచేరీ లెక్కల ఊసు ఎత్తేవారే తక్కువ.

మాన్యాలున్న ఇళ్ళకు ఇంకో దారి వుంది. 1858లో మొదలైన ఇనాం కమిషను ఊరూరా విచారించి ఇనాం రిజిస్టర్లు రాయించింది. పూజారి, కరణం మాన్యాలే కాదు, చాకలి, మంగలి, వెట్టి మాన్యాలు కూడా అందులో వున్నాయి. మాన్యం ఎవరు మొదట పొందారు, ఇప్పుడు ఎవరి చేతిలో వుంది అన్నది రాశారు కాబట్టి ఒక్కోసారి రెండు మూడు తరాలు ఒకే వరుసలో దొరుకుతాయి. భూమి లేని కూలివానికి ఈ పుస్తకాల్లో చోటు లేదు. ఓడ ఎక్కినవారిలో ఎక్కువమంది అలాంటివారే కావడం ఈ కథలోని చేదు.

జనన మరణాల రిజిస్టరు గ్రామ మునసబు రాసేవాడు. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబుల వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ రెండు మార్పుల్లో కొన్ని ఊళ్ళ పుస్తకాలు ఆఫీసులకు చేరివుంటాయి, కొన్ని అటకల మీద వుండిపోయి వుంటాయి. ఇంట్లో పాత కరణం పెట్టె వున్నవారు చెదలు పట్టకముందే ఒకసారి తెరిచి చూడాలి. బడి అడ్మిషను రిజిస్టరు కూడా పనికివస్తుంది. పుట్టిన తేదీని మాత్రం నమ్మకూడదు, అది చాలావరకు అయ్యవారు వేసిన తేదీయే.

క్రైస్తవ కుటుంబాలకు మిషను పుస్తకాలు పెద్ద ఆధారం. అమెరికన్ ఆర్కాడు మిషను 1863లో మదనపల్లెలో అడుగుపెట్టింది. డాక్టరు జేకబ్ చేంబర్లిన్ ఇక్కడే చాలాకాలం పనిచేశారు. బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు స్థానిక సంఘాల దగ్గర వెతకాలి. మిషను కాగితాలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూబ్రన్స్‌విక్‌లో వున్నాయి.

పేపర్లో పేరు పడాలంటే

పాత వార్తాపత్రికల్లో తాత పేరు దొరుకుతుందా? ఆ కాలంలో పేపర్లో పేరు పడాలంటే ఉద్యోగం కావాలి, లేదా దావా పడాలి, లేదా పొలం వేలానికి రావాలి. ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెటులో నియామకాలు, బదిలీలు అచ్చయేవి. జిల్లా గెజెటులో శిస్తు బకాయి పడిన రైతుల భూముల వేలం ప్రకటనలు వచ్చేవి. బీదరైతు పేరు అచ్చులో కనిపించే చోటు ఇదొక్కటే కావడం విచిత్రం. వేలం తేదీని ఓడ తేదీతో పోల్చి చూస్తే, ఆ ఇల్లు ఎందుకు ఊరు వదిలిందో కొంత అర్థమవుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక 1914లో మదరాసులో దినపత్రిక అయింది. ఆ పాత ప్రతులను ప్రెస్ అకాడమీవారు కంప్యూటరుకెక్కించారు. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల కట్టలున్నాయి. నేటాల్‌లో గాంధీజీ 1903లో ప్రారంభించిన ఇండియన్ ఒపీనియన్ జైలుకెళ్ళిన సత్యాగ్రహుల పేర్లు అచ్చువేసేది. మదరాసు ఎగ్మూరులోని ప్రభుత్వ భాండాగారంలో ఉమ్మడి రాజధాని నాటి కాగితాలున్నాయి. అక్కడికి వెళ్ళేవారు జిల్లా, తాలూకా, సంవత్సరం ఈ మూడూ తేల్చుకుని వెళ్ళకపోతే చార్జీలు దండగ.

ఈ కాగితాలు ఎల్లకాలం వుండవు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆ వార్త విన్న రైతులు తమ పట్టాల గురించి బెంగపడ్డారంటే అందులో వింత లేదు. ఒకే చోట వున్న కాగితానికి నిప్పు ఒకటే ప్రమాదం కాదు. వాన, ఎలుక, పాతవన్నీ తగలబెట్టమనే పెద్దమనిషి, అన్నీ ప్రమాదాలే. ఇంట్లో దస్తావేజు వున్నవారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసి పెట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు.

విదేశాలనుంచి ఎవరైనా వచ్చి ముత్తాత పేరు చెబితే కొన్నిచోట్ల నోరు విప్పరు. పొలంలో భాగం అడుగుతారేమోనని భయం. వచ్చేవారిలో ఎక్కువమందికి కావలసింది పొలం కాదు, ఊరిపేరు. కొందరికి ఓవర్సీస్ సిటిజన్ కార్డు కోసం పూర్వీకుడు ఇండియావాడని చూపే కాగితం కావాలి. దానికి ఓడ జాబితా నకలు వుంటే ఊరివారి సంతకం కోసం తిరగవలసిన పని వుండదు. మరికొందరికి గంగమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొడితే చాలు.

ఊరి పెద్దలు చేయగలిగిన సాయం చిన్నది. మా ఇంట్లో ఫలానా చిన్నాయన కరువులో మదరాసు పోయి మళ్ళీ రాలేదట అనే మాట చాలా ఇళ్ళలో ఇంకా వుంది. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు ఒక నోటుబుక్కులో రాసి వుంచితే, అవతలివారి దగ్గర వున్న చీటీతో సరిచూసుకోవచ్చు. ఆ చీటీలో ఒంటిమీది గుర్తు కూడా వుంటుంది. కాలిమీద కాలిన మచ్చ అని వున్నదనుకోండి, ఆ మచ్చ ఎలా పడిందో చెప్పగలిగినవారు ఈ వైపునే వుండాలి.