చల్లగాలి కోసం ఒక గొట్టం

1965 మోడల్ పాంటియాక్ జీటీఓ కారు బానెట్ మీద ఒక స్కూప్ ఉండేది. ఎదురుగాలిని మింగి ఇంజన్‌కు పంపడానికే పెట్టారేమో అనిపించేది. నిజానికి దాని నోరు మూసే ఉండేది. చూపుకే తప్ప పనికి కాదు. అదే ఏడాది డీలర్ల దగ్గర ఒక కిట్టు అమ్మకానికి వచ్చింది. అందులో మూడు కార్బురేటర్ల చుట్టూ అమరే రేకు పళ్లెం, ఆ పళ్లేనికీ బానెట్‌కీ మధ్య సందు లేకుండా చేసే స్పాంజి పట్టీ ఉండేవి. మిగతాది కొన్నవాడి చేతిపని. స్కూప్ మూతిని తానే కోసి తెరుచుకోవాలి. ఇవాళ మెకానిక్ షెడ్లలో, ఇళ్ల ముందు వాకిళ్లలో తయారయ్యే ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ల పూర్వీకుల్లో ఇదొకటి. కారు కంపెనీయే సగం పని ఇంటికి వదిలేసిందన్నమాట.

ఆ కోత వెనకున్న శాస్త్రం మాత్రం చాలా పాతది. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే సుమారు 11 కిలోలు, అంటే మామూలు ఉష్ణోగ్రత దగ్గర తొమ్మిది వేల లీటర్ల గాలి. పెట్రోలు ఎక్కువ పొయ్యడం ఎవరికైనా సులువే, కష్టమంతా గాలితోనే. సిలిండర్ ఘనపరిమాణం పెరగదు కాబట్టి అంతే చోటులో బరువైన గాలిని నింపాలి. వాయువులు వేడికి ఎంత వ్యాకోచిస్తాయో 1780లలోనే ఫ్రాన్స్‌లో జాక్ షార్ల్ గమనించాడు. హైడ్రోజన్ బెలూన్ ఎక్కి పారిస్ మీద ఎగిరినాయన ఈయనే. కానీ ఆ ఫలితాలను ఆయన అచ్చువేయలేదు. 1802లో గే-లుసాక్ ప్రచురిస్తూ షార్ల్ పేరు చెప్పాడు. ఆ సూత్రం ప్రకారం 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగితే, 60 డిగ్రీల దగ్గర 1.06 కిలోలే తూగుతుంది. రేడియేటర్ వెనక, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన బానెట్ కింద చిక్కుకున్న గాలి ఆ 60 డిగ్రీలను తేలిగ్గా అందుకుంటుంది.

అయినా కార్బురేటర్ల కాలమంతా ఇంజనీర్లు ఇంజన్‌కు వేడిగాలి పట్టడానికే తంటాలు పడ్డారు. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. గాలిలో తేమ ఉంటే, బయట పది పదిహేను డిగ్రీలున్నా లోపల మంచు పేరుకుని ఇంజన్ ఆగిపోవచ్చు. చిన్న విమానాల పైలట్లకు ఈ భయం ఇప్పటికీ ఉంది. రష్యా లాడా కార్ల ఎయిర్ ఫిల్టర్ మూత మీద ఎరుపు, నీలం గుర్తులుండేవి. ఒక వైపు తిప్పితే ఎగ్జాస్ట్ దగ్గరి వెచ్చని గాలి, మరో వైపు తిప్పితే చల్లని గాలి. 1960ల చివర అమెరికాలో పొగ నిబంధనలు బిగిశాక ఈ పని ఉష్ణోగ్రతను బట్టి దానంతటదే తిరిగే తలుపుకు అప్పగించారు. చల్లని ఇంజన్‌కు అది దాదాపు 40 డిగ్రీల గాలిని అందించేది. డెట్రాయిట్ ఒక చేత్తో వేడిగాలి వడ్డిస్తూ రెండో చేత్తో చల్లగాలి స్కూప్‌లు అమ్మిన వింత రోజులవి.

చల్లగాలి యావ పందేల నుంచి వచ్చింది. 1964లో ఫోర్డ్ కంపెనీ డ్రాగ్ పందేల కోసం ఫెయిర్‌లేన్ థండర్‌బోల్ట్ అనే కారును సుమారు వంద సంఖ్యలో కట్టించింది. ఏడు లీటర్ల ఇంజన్‌ను అది పట్టని బాడీలో ఇరికించారు. నాలుగు హెడ్‌లైట్లలో లోపలి రెండింటినీ పీకేసి, ఆ రంధ్రాల నుంచి లావాటి గొట్టాలను నేరుగా కార్బురేటర్లకు తీసుకెళ్లారు. నాకు దీనికంటే అందమైన ఇన్‌టేక్ కనిపించలేదు. దీపం కన్నా గాలి ముఖ్యమని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. షెవర్లే ఇంజనీర్లు మరో దారి పట్టారు. కారు వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం అడుగున గాలి గుద్దుకుని పీడనం పెరుగుతుంది. 1963లో వాళ్లు కార్బురేటర్‌కు గాలిని అక్కడి నుంచే తీశారు. 1970 షెవెల్‌లోనైతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు బానెట్ వెనకభాగంలో ఒక మూత తెరుచుకునేది.

వేగానికి ఎదురుగాలి తోసుకొచ్చి సిలిండర్లను నింపేస్తుందన్న నమ్మకం మాత్రం లెక్కకు నిలవదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ తోపు మొత్తం 460 పాస్కల్‌లు, వాతావరణ పీడనంలో అర శాతం కన్నా తక్కువ. 200కు చేర్చినా రెండు శాతానికి రాదు. స్కూప్ వల్ల జరిగే మేలు దాదాపు అంతా చల్లదనం వల్లే.

1990లలో ఈ కథ పెద్ద ఇంజన్లను వదిలి హోండా సివిక్ లాంటి చిన్న కార్ల దగ్గరికి, కంపెనీ నుంచి కుర్రాళ్ల చేతికి వచ్చింది. కాలిఫోర్నియాలో హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే పీవీసీ గొట్టం, ఒక మోచేతి వంపు, రెండు రబ్బరు జాయింట్లు, నాలుగు హోస్ క్లిప్పులు, కొసన శంకు ఆకారపు ఫిల్టర్ ఉంటే చాలు, ఇన్‌టేక్ సిద్ధం. 1969 నుంచీ నూనె పట్టించిన నూలు ఫిల్టర్లు చేస్తున్న కే అండ్ ఎన్ లాంటి కంపెనీలు మెరిసే అల్యూమినియం గొట్టాలతో కిట్లు అమ్మాయి. అదే రాష్ట్రంలో కాలుష్య అధికారులు ఇచ్చే మినహాయింపు నంబరు లేని ఇన్‌టేక్ పొగ తనిఖీలో నెగ్గదు. ఇంట్లో చేసినదానికి ఆ నంబరు రాదు.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా గొట్టం దగ్గరే ఆలోచన ఆపేస్తారు. ప్లాస్టిక్కా, అల్యూమినియమా, నున్నగా ఉందా, మెరుస్తోందా? ఒక చిన్న లెక్క చూద్దాం. 1.2 లీటర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నిండా తొక్కితే సెకనుకు సుమారు 30 లీటర్ల గాలి పీలుస్తుంది. 60 మిల్లీమీటర్ల గొట్టంలో అది సెకనుకు పది మీటర్లు దాటిన పరుగు. అర మీటరు గొట్టాన్ని దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. అంతలో గొట్టం గోడ దాన్ని పెద్దగా వేడెక్కించలేదు. సిగ్నల్ దగ్గర ఇంజన్ తాపీగా తిరుగుతున్నప్పుడు మాత్రం అల్యూమినియం వేడిని లోపలికి పంపుతుంది. పీవీసీ అంతగా పంపదు కానీ ఎగ్జాస్ట్‌కు ఆనుకుంటే మెత్తబడి వంగిపోతుంది.

అసలు సంగతి గొట్టం నోరు ఎక్కడ తెరుచుకుందన్నదే. కంపెనీ పెట్టె పీకేసి శంకు ఫిల్టర్‌ను ఇంజన్ పక్కనే వదిలేస్తే, తలుపులన్నీ వేసి పొయ్యి పక్కన కూర్చుని విసనకర్ర ఊపుకున్నట్టే. దానికి కోల్డ్ ఎయిర్ అని పేరు పెట్టడం అన్యాయం. ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఒక అడ్డుగోడ కావాలి. రేకు గానీ మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ కోసి, అంచులకు రబ్బరు బీడింగు తొడిగి, బానెట్ మూస్తే దాన్ని ఒత్తుకునేలా అమర్చాలి. ఆ గదిలోకి బయటిగాలి హెడ్‌లైట్ వెనక నుంచో బంపర్ సందులోంచో రావాలి. నా లెక్కలో ఇన్‌టేక్ అంటే ఈ గోడే, గొట్టం దాని తోక. ఇప్పటి చాలా కార్లలో కంపెనీవాళ్లు గాలిని రేడియేటర్ ముందు నుంచే తీస్తున్నారు కనుక, ఉన్నదాన్ని పీకి అంతకన్నా వేడిది పెట్టుకుంటున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక్కడో చిక్కుంది. వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో ఆ సెన్సర్ దగ్గర గొట్టం వ్యాసం మార్చకూడదు. అక్కడ వెడల్పు పెరిగితే గాలి నెమ్మదిస్తుంది, ఉన్నదానికన్నా తక్కువ గాలి వచ్చిందని సెన్సర్ చెబుతుంది, పెట్రోలు చాలక ఇంజన్ ఎండుగా మండుతుంది. నూనె ఫిల్టర్‌కు చెయ్యి జారి నూనె ఎక్కువ పోస్తే అది వెళ్లి ఆ సెన్సర్ తీగకే అంటుకుంటుంది. మానిఫోల్డ్ పీడనాన్ని బట్టి లెక్కకట్టే కార్లకు ఈ బాధ లేదు. ఏ కారైనా, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే సన్నని బ్రీదర్ గొట్టాన్ని మళ్లీ ఫిల్టర్ దాటాకే కలపాలి. మర్చిపోతే మన రోడ్ల దుమ్ము వడకట్టకుండా లోపలికి పోతుంది.

ఇంతా చేస్తే దక్కేదెంత? గాలి 65 డిగ్రీల నుంచి 40కి దిగితే సాంద్రత ఎనిమిది శాతం పెరుగుతుంది. శక్తి అంత పెరగదు. ఇంజన్లను పరీక్షించేటప్పుడు వాడే ఎస్‌ఏఈ సవరణ సూత్రంలో పెట్రోలు ఇంజన్ శక్తి ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి మారుతుంది. చల్లగా బయల్దేరిన గాలి వేడి వాల్వులనూ సిలిండర్ గోడలనూ తాకి దారిలో కొంత వేడెక్కడం దీనికో కారణం. ఆ లెక్కన లాభం నాలుగు శాతం, 80 హెచ్‌పీ కారుకు మూడు. అదీ యాక్సిలరేటర్ నిండా తొక్కినప్పుడే. ఎండాకాలంలో ఇంజన్ నాకింగ్ తగ్గి ఇంకాస్త కలిసిరావచ్చు. మైలేజీ పెరగదు. సగం తొక్కి నడిపేటప్పుడు వేడి, పల్చటి గాలే కాస్త మేలు. అందుకే పొదుపు పిచ్చిగలవాళ్లు పనిగట్టుకుని వేడిగాలి గొట్టాలు బిగించుకుంటారు.

మరి బిగించిన వెంటనే బండి దూకుతోందని ఎందుకంటారు? శబ్దం. ఇంజన్ గాలి పీల్చే గురకను మింగడానికి కంపెనీ పెట్టె పక్కన ఖాళీ గదులుంటాయి. వాటిని పీకేస్తే ఆ గుర్రు చెవికి తగులుతుంది, కాలు ఇంకొంచెం లోతుకు పోతుంది. ఫోర్డ్ మస్టాంగ్‌లో కంపెనీవాళ్లే ఈ శబ్దాన్ని కేబిన్‌లోకి తీసుకెళ్లడానికి ప్రత్యేకంగా ఒక గొట్టం పెట్టారు.

గాలి చల్లగా ఉండే చోటు బంపర్ అడుగు. నీళ్లు ముందుగా చేరే చోటూ అదే. నీటిని పిస్టన్ నొక్కలేదు, దాంతో కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడలో నిలిచినంత నీళ్లుంటే కంపెనీ ఇన్‌టేకే ఆగదు, ఇక చక్రం పక్కన వేలాడే ఫిల్టర్ సంగతి చెప్పేదేముంది! ఏఈఎం అనే అమెరికా కంపెనీ దీనికోసం గొట్టం మధ్యలో పెట్టే వాల్వు ఒకటి తెచ్చింది. కింది ఫిల్టర్ మునిగితే అది పైనుంచి గాలి అందిస్తుంది. మన వానలకు ఫిల్టర్‌ను హెడ్‌లైట్ ఎత్తులో ఉంచడమే నయం.

రంపం తియ్యకముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చే చవకరకం ఓబీడీ రీడర్ తెచ్చి, ఫోన్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత తెరిచి, హైవే మీద పది నిమిషాలు నడపండి. బయట 38 ఉంటే లోపల 43 చూపిస్తే ఆ కారుకు కంపెనీవాళ్లే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టి ఇచ్చినట్టు. 60 చూపిస్తే రేకు కొలతలు తీసుకోవచ్చు.