పాలలోని ప్రోటీన్ పళ్ళకి ఏం చేస్తుంది?

పోయినేడాది నా పళ్ళ క్లిప్పులు తీశాక అద్దంలో చూస్తే, ముందు పళ్ళ మీద సుద్ద రాసినట్టు తెల్ల మచ్చలు. పుచ్చు మొదలయ్యేది ఇలాగేనట. భయమేసింది.

తీపి తిన్నప్పుడల్లా నోట్లో బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోతాయి. ఎనామెల్‌లో జీవకణాలు ఉండవు, ఎముకలాగా తనంతట తాను అతుక్కోదు. పోయిన ఖనిజం బయటినుంచే రావాలి.

పాల పని ఇక్కడే. ఆవు పాల ప్రోటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్. కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ ఎక్కువగా కలిస్తే మామూలుగా గట్టిపడి అడుక్కి దిగిపోతాయి కదా, కేసీన్ ముక్కలు వాటిని అలా దిగనివ్వకుండా పట్టుకుని పంటిదాకా మోస్తాయి. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం దీన్నుంచే సీపీపీ-ఏసీపీ అనే పదార్థం తయారుచేసింది. మా డాక్టర్ గారు ఇచ్చిన క్రీమ్‌లో ఉన్నదీ అదే.

అలాగని ఫ్లోరైడ్ పేస్ట్ మానేయకండి. గుంట పడిపోతే ఏ క్రీమూ పూడ్చదు, ఫిల్లింగే. పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు. ఇంకోటి, రాత్రి పంచదార పాలు తాగి బ్రష్ చేయకుండా పడుకుంటే లాభం కాదు, నష్టమే (నేనూ అదే బ్యాచ్ లెండి).

నా మచ్చల్లో రెండు బాగా తగ్గాయి. ఒకటి మాత్రం ఇంకా అలాగే ఉంది.