తిప్పేది స్పిండిల్, తిప్పలు కొన్నవాడివి

★ చెన్నైలో గిండి పారిశ్రామికవాడ 1958లో మొదలైంది. కామరాజ్ ముఖ్యమంత్రి, ఆ తర్వాత రాష్ట్రపతి అయిన ఆర్. వెంకటరామన్ పరిశ్రమల మంత్రి. 1960లలో అంబత్తూరు వచ్చింది. ఇవాళ అక్కడ ఏ షెడ్డులోకి తొంగి చూసినా బ్రేకు డ్రమ్మో, గేరు బ్లాంకో, పంపు బాడీయో తయారవుతూ ఉంటుంది. యంత్రాల పేర్లూ ధరలూ వేరైనా అసలు పని చేసేది మాత్రం లోపల తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్. మిల్లింగ్‌లో అది టూలును పట్టుకుని తిరుగుతుంది, లేత్‌లో జాబును, అంటే కోయాల్సిన ముక్కను, పట్టుకుని తిరుగుతుంది. మిగతా టన్నుల కొద్దీ పోత ఇనుమంతా దాన్ని అదరకుండా నిలబెట్టడానికే.

★ పారిశ్రామిక విప్లవం ఒక స్పిండిల్ కోసం ఆగింది అంటే నమ్ముతారా? జేమ్స్ వాట్ తన ఆవిరి ఇంజనుకు 1769లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ సిలిండరు గుండ్రంగా రాలేదు, పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారిపోయేది. 1775 ప్రాంతంలో జాన్ విల్కిన్సన్ అనే ఇనుప కార్ఖానాల యజమాని కోత కడ్డీని ఒక కొసన కాక రెండు కొసలా ఆనించి తిప్పాడు. సిలిండరు కుదిరింది, ఇంజను నడిచింది. నేటికీ ఇరుసుకు ఎక్కడెక్కడ ఆనిక ఇవ్వాలన్నదే స్పిండిల్ తయారీలో మొదటి ప్రశ్న.

★ యంత్రం కొనేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది "ఎంత ఆర్‌పీఎం?" అని, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అని. నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న.

లెక్క చాలా తేలిక. కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని వెయ్యితో హెచ్చించి, కట్టరు వ్యాసాన్నీ 3.14నూ హెచ్చించగా వచ్చిన దానితో భాగిస్తే ఆర్‌పీఎం వస్తుంది. 160 మి.మీ. ఫేస్ కట్టరుతో ఉక్కును నిమిషానికి 150 మీటర్ల వేగంతో కోయాలంటే సుమారు 300 ఆర్‌పీఎం చాలు. 25 మి.మీ. హైస్పీడ్ స్టీల్ డ్రిల్లు ఉక్కులో దిగడానికీ అంతే. అదే అల్యూమినియంను 6 మి.మీ. ఎండ్ మిల్లుతో 400 మీటర్ల వేగంతో కోయాలంటే 21,000 దాటాలి. చెన్నై షెడ్లలో ఎక్కువగా నడిచేది పోత ఇనుము, ఉక్కు. అలాంటి చోట 15,000 ఆర్‌పీఎం స్పిండిల్‌కు డబ్బు పోయడం పెళ్లికొడుక్కి రెండు తలపాగాలు చుట్టడమే.

★ అసలు మెలిక టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, ఉంది. కేటలాగులో "11 కిలోవాట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మోటారు ఆ 11 కిలోవాట్లను ఇచ్చేది ఒక వేగం చేరాకే. దాన్నే బేస్ స్పీడ్ అంటారు. అది 1,500 ఆర్‌పీఎం అనుకుందాం. అక్కడ టార్క్ 70 న్యూటన్ మీటర్లు. అంతకంటే కింద టార్క్ ఆ 70 దగ్గరే ఆగిపోతుంది, శక్తి మాత్రం వేగంతోపాటు తగ్గిపోతుంది. పైన చెప్పిన 300 ఆర్‌పీఎంకు వచ్చేసరికి చేతికొచ్చేది 2.2 కిలోవాట్లే! పెద్ద ఫేస్ కట్టరు పెట్టి ఫీడు ఇవ్వగానే స్పిండిల్ మూలిగి నిలబడిపోవడానికి కారణం ఇదే. తప్పు కట్టరుది కాదు, ఆపరేటరుది అంతకన్నా కాదు.

ఇంకో సంగతి. కొన్ని కేటలాగుల్లో "11/7.5" అని గీత గీసి రెండంకెలు వేస్తారు. పెద్ద అంకె అరగంటపాటో, ఆగి ఆగి నడిపితేనో దక్కేది. రోజంతా నడిచే శక్తి 7.5. షిఫ్టు మీద షిఫ్టు నడిపే షాపులు చిన్న అంకెనే చదువుకోవాలి.

తక్కువ వేగంలో బలం కావాలంటే గేర్లున్న స్పిండిల్ మేలు. బెల్టుది చవక, బాగుచేసుకోవడమూ తేలిక. మోటారుతో నేరుగా జోడించినదాంట్లో అదురు తక్కువ. మోటారును లోపలే ఇమిడ్చిన స్పిండిల్ బాగా వేగంగా తిరుగుతుంది గాని, పాడైతే బిల్లు చూసి కూర్చోవాల్సి వస్తుంది.

★ డ్రిల్లు కాడల (షాంకుల) వాలుకు మోర్స్ టేపర్ అనే పేరు 1860లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ట్విస్ట్ డ్రిల్లులు చేసిన స్టీఫెన్ మోర్స్ నుంచి వచ్చింది. ఆ వాలు దాదాపు ఇరవైకి ఒకటి. అంత సన్నని వాలు తనంతట తానే బిగుసుకుంటుంది, విడదీయాలంటే చీల పెట్టి సుత్తితో కొట్టాలి. సీఎన్‌సీ మిల్లింగ్‌లో వాడే బీటీ టేపర్ వాలు 24కు 7. ఇది తనంతట బిగుసుకోదు, కాబట్టే వదిలించుకోవడమూ తేలిక. రెండు మూడు సెకన్లలో టూలు మారిపోయే ఆటోమేటిక్ యంత్రాలకు అదే ప్రాణం.

మరి కోసేటప్పుడు పట్టి ఉంచేదెవరు? స్పిండిల్ లోపల పళ్లేల్లాంటి స్ప్రింగులు వరసగా పేర్చి ఉంటాయి. అవి టూలును పట్టుకునే డ్రా బార్ అనే కడ్డీని ఎప్పుడూ పైకి లాగుతూనే ఉంటాయి. గాలి గానీ నూనె గానీ ఒత్తిడి పెట్టేది టూలును వదలడానికే. అందుకే తమిళనాట కరెంటు కోతలు గంటల తరబడి సాగిన రోజుల్లోనూ టూలు జారి జాబు మీద పడలేదు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఈ స్ప్రింగులు అలసిపోతాయి, పట్టు సడలుతుంది. జాబు ఉపరితలం మీద గీతలు పడుతుంటే ముందు పట్టు ఎంతుందో గేజీతో కొలిపించండి. చాలామంది బేరింగులు మార్చేశాక గాని ఈ సంగతి తలుచుకోరు.

★ బీటీ 30 చిన్న డ్రిల్లింగు, ట్యాపింగు యంత్రాలది. బీటీ 40 అందరిదీ. బీటీ 50 బరువు కోతలకు. జర్మనీలోని ఆహెన్‌లో 1980ల చివర రూపుదిద్దుకున్న హెచ్‌ఎస్‌కే టేపర్ వాలు దగ్గరా, ముఖం దగ్గరా రెండు చోట్లా ఆనుతుంది. వేగం పెరిగితే స్పిండిల్ నోరు కొద్దిగా వ్యాకోచిస్తుంది. అప్పుడు బీటీ హోల్డరు కాస్త లోపలికి జారుతుంది, హెచ్‌ఎస్‌కే జారదు. మంచిదే. కానీ షాపులో నాలుగు యంత్రాలు బీటీ 40వి ఉండి అయిదోది హెచ్‌ఎస్‌కే అయితే హోల్డర్లన్నీ మళ్లీ కొనాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు.

★ లేత్‌లలో ముక్కు సైజు వేరేగా చెబుతారు: ఎ2-5, ఎ2-6, ఎ2-8. మామూలుగా వీటికి 6, 8, 10 అంగుళాల చక్‌లు సరిపోతాయి. తెలుసుకోవాల్సిందేమిటంటే చక్ దవడలను బయటికి నెట్టే అపకేంద్ర బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే పట్టులో కోత నాలుగింతలు. స్పిండిల్ 4,500 తిరగగలదని చక్ కూడా అంత వేగంలో జాబును పట్టి ఉంచగలదనుకోకూడదు. చక్ మీద దాని గరిష్ఠ వేగం విడిగా చెక్కి ఉంటుంది, చదవండి.

★ బేరింగు లోపలి వ్యాసాన్ని ఆర్‌పీఎంతో హెచ్చిస్తే వచ్చేదాన్ని డీఎన్ విలువ అంటారు. 70 మి.మీ. బేరింగు 12,000 తిరిగితే 8,40,000. ఈ స్థాయి దాకా మంచి గ్రీజు నెట్టుకొస్తుంది. దీన్ని బాగా దాటిపోవాలంటే గాలిలో నూనె చుక్కలు కలిపి పంపే ఏర్పాటు కావాలి. లేదా ఉక్కు గోళీల బదులు సిలికాన్ నైట్రైడ్ గోళీలు వేయాలి. ఇవి పింగాణీ జాతివి, ఉక్కు బరువులో నలభై శాతమే తూగుతాయి. తేలిక కాబట్టి వేగంలో బయటి రింగును తక్కువగా ఒత్తుతాయి, తక్కువ వేడెక్కుతాయి. లావు స్పిండిల్ గట్టిగా ఉంటుంది, సన్నది వేగంగా తిరుగుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే ధర చూసి మాట్లాడాలి.

ఒక హెచ్చరిక: ప్యారీస్ కార్నర్ వైపు వీధుల్లో బేరింగుల కొట్లకు కొదవలేదు, నకిలీలకూ కొదవలేదు. స్పిండిల్ బేరింగును సగం ధరకు ఇస్తామంటే నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

★ ఇప్పుడు అచ్చంగా చెన్నై సమస్య. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. చెన్నైలో అది జనవరి తెల్లవారుజామున తప్ప దొరకదు. ఉక్కు మీటరు పొడవుకు ఒక డిగ్రీకి 11, 12 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 300 మి.మీ. స్పిండిల్ పది డిగ్రీలు వేడెక్కితే 35 మైక్రాన్లు సాగుతుంది. పొద్దున తీసిన జాబుకూ మధ్యాహ్నం తీసిన జాబుకూ లోతు తేడా రావడం ఇందువల్లే.

అందుకని చిల్లరు పెట్టి స్పిండిల్ చుట్టూ చల్లని నూనె తిప్పుతారు. ఐరోపా మాన్యువల్ చూసి దాన్ని 20 డిగ్రీలకు పెట్టారా, అయిపోయిందే! గాలి 32 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్నరోజు సుమారు 26 డిగ్రీలకే నీరు కడుతుంది. చల్లని మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టు స్పిండిల్‌కూ పడుతుంది, ఆ నీరు బేరింగులోకి చేరితే తుప్పు. సముద్రపు గాలి తగిలే తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు అయితే ఉప్పు కూడా తోడు. చిల్లరును స్థిరమైన అంకె దగ్గర కాక, యంత్రపు పోత ఉష్ణోగ్రతను అనుసరించేలా పెట్టమని అడగాలి. స్పిండిల్ ముక్కు దగ్గర ఊదే గాలి కూడా పొడిగా ఉండాలి. కంప్రెసరుకు డ్రయ్యరు లేని షాపు ఖరీదైన స్పిండిల్ కొనడం దండగ.

★ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటేలోపే చెన్నైని ముంచింది, అంబత్తూరు షెడ్లలోకి నీళ్లు చేరి యంత్రాలు మునిగాయి. నిలువు మిల్లింగ్ యంత్రాల్లో స్పిండిల్ ఎత్తున ఉంటుంది కాబట్టి తరచు బతికిపోతుంది. లేత్‌లదీ, అడ్డ యంత్రాలదీ అంత అదృష్టం కాదు. మునిగిన స్పిండిల్‌ను "తిరుగుతుందేమో చూద్దాం" అని మాత్రం తిప్పకండి. లోపల చేరిన ఒండ్రు గోళీలను గీరేస్తుంది. విప్పి, కడిగి, బేరింగులు మార్చాకే మోటారు కలపాలి.

★ తిరిగే టూలు హోల్డరు మీద ఒక గ్రాము బరువు, మధ్యనుంచి 30 మి.మీ. దూరంలో అదనంగా ఉందనుకోండి. 12,000 ఆర్‌పీఎంలో అది దాదాపు అయిదు కిలోల బలంతో స్పిండిల్‌ను లాగుతుంది, 24,000లో పందొమ్మిది కిలోలతో. హోల్డరు మీద అంటుకున్న చిన్న తునక కూడా లెక్కలోకే వస్తుంది.

★ తిరగని స్పిండిల్ కూడా చెడుతుంది! లారీలో తెస్తున్నప్పుడు కుదుపులకు బేరింగు గోళీలు దొర్లకుండా ఒకే చోట కొట్టుకుంటూ రింగుల మీద గుంటలు చేస్తాయి. 1930లలో అమెరికాలో కొత్త కార్లను రైళ్లలో పంపితే చక్రాల బేరింగులు ఇలాగే పాడయ్యాయి.

★ మురుగప్ప గ్రూపు వారి కార్బొరండం యూనివర్సల్ సంస్థ 1954లో పుట్టింది. తిరువొత్తియూరులో గ్రైండింగ్ చక్రాలు చేస్తుంది. మామూలు చక్రపు అంచు వేగం సెకనుకు సుమారు 33 మీటర్లు. 350 మి.మీ. చక్రానికి 1,800 ఆర్‌పీఎం చాలు. కానీ చిన్న రంధ్రం లోపల గ్రైండ్ చేసే 10 మి.మీ. చక్రానికి అదే వేగం రావాలంటే 63,000 తిప్పాలి. చక్రం ఎంత చిన్నదైతే స్పిండిల్ అంత ఖరీదు. సర్క్యూట్ బోర్డులకు సన్నని రంధ్రాలు తొలిచే స్పిండిళ్లు గాలి మీద తేలుతూ 2,00,000 దాటతాయి. పంటి డాక్టరు చేతిలో గుయ్యిమనే డ్రిల్లు ఇంకా పైకి పోతుంది.

★ ఈ విద్యలో తెలుగు నేలకూ పాత చుట్టరికం ఉంది. సికింద్రాబాద్ కవాడిగూడలో ప్రాగా టూల్స్ 1943లో వెలిసింది, దాని గ్రైండర్లు దేశమంతా తిరిగాయి. బాలానగర్‌లోని కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ 1968 నుంచి పిల్లలకు ఈ పని నేర్పుతోంది. చెన్నైకి ఉత్తరాన సరిహద్దు దాటగానే ఆంధ్రలో శ్రీసిటీ పారిశ్రామికవాడ. నెల్లూరు, తిరుపతి జిల్లాల ఐటీఐ కుర్రాళ్లు సరిహద్దుకు ఇటూ అటూ యంత్రాల మీద పనిచేయగలరు. టర్నింగు, ఫిట్టింగుతో ఆపకుండా స్పిండిల్ విప్పి కూర్చడం నేర్చుకుంటే వాళ్లకు పని వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

★ నందంబాక్కం ట్రేడ్ సెంటరులో అంబత్తూరు తయారీదారుల సంఘం నిర్వహించే ఏక్మీ యంత్రాల ప్రదర్శనకు వెళ్తున్నారా? మీ దగ్గరున్న అతి బరువైన జాబు డ్రాయింగు వెంట పెట్టుకెళ్లండి. కేటలాగు ముందు పేజీ వదిలేసి టార్క్ గ్రాఫు చూపించమనండి. బేరం కుదిరాక యంత్రాన్ని పూర్తి వేగంలో గంట నడిపించి ముక్కు దగ్గర వేడి కొలిపించండి. ఆ తర్వాత టెస్ట్ బార్ బిగించి, 300 మి.మీ. దూరంలో డయల్ పెట్టి చేత్తో తిప్పి రనౌట్, అంటే ఇరుసు ఎంత ఊగుతోందో, చూడండి. కాగితం మీద రాసిచ్చిన మైక్రాన్లు డయల్ మీద కనబడేదాకా ఆఖరి వాయిదా చెక్కు మీద సంతకం పెట్టకండి.